గుమ్మడిపూల జింక

మంగళవారం. ఉదయం ఆరూ నలభై.

దొన్ ఫిలొగోనియో మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. ఒంట్లో ప్రాణం లేదు.

తలాపున చిన్న బల్ల. బల్ల మీద గుడ్లగూబ.

కొయ్య గుడ్లగూబ. రెక్కలుండాల్సిన చోట ముళ్ళ కిత్తలి మట్టలు. కాళ్ళకి బదులు చెట్టు వేళ్ళు. ఒళ్ళంతా పచ్చ చుక్కలు, గులాబీ చుక్కలు. మెడకి గుడ్డ పీలిక కట్టి ఉంది. పీలిక కింద అడ్డంగా కత్తి గాటు. గాటులో ఎర్ర రంగు.

రుతీలా మతాదమాస్ గుమ్మంలోనే ఆగిపోయింది.

రుతీలా పోలీసు కాదు. ఊళ్ళో మొక్కజొన్న పిండిమిల్లు నడుపుకునే మనిషి. శాన్ హసింతోలో ఊరి పదవులు వంతులవారీగా నెత్తిన పడతాయి. జీతం ఉండదు, కాదనే వీలూ ఉండదు. ఈ ఏడు ఆవిడ నెత్తిన పడింది సిందికా పదవి. అంటే ఊళ్ళో దొంగతనమైనా, కొట్లాటైనా, చావైనా ఇన్వెస్టిగేషన్ ఆవిడదే. ఎనిమిది నెలల్లో ఆవిడ పట్టుకున్నది రెండు గాడిదల్ని, ఒక తాగుబోతుని. శవం పక్కన నిలబడి పంచనామా రాయడం ఇదే మొదలు.

"లోపలికి నడవమ్మా," అన్నాడు వెనకనుంచి తావ్‌రీనో. అరవయ్యేళ్ళ లావుపాటి మనిషి. అతనికీ వంతు వచ్చి పడ్డదే, సిందికా చేతికింద కానిస్టేబులు పని. "పోయినవాళ్ళు కరవరులే."

"అయితే నువ్వు ముందు నడు."

"పదవి నీది. ముందు నడిచే గౌరవం నీదే."

ఇద్దరూ గుమ్మంలో ఇరుక్కుని ఒకేసారి లోపలికి వెళ్ళారు.

గది చిన్నది. ఒకటే కిటికీ. అది మూసి ఉంది. సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. గదిలో వెల్లుల్లి వాసన. గుమ్మానికి వెల్లుల్లి దండ వేలాడుతోంది. దిష్టికి కట్టి ఉంటారని రుతీలా అనుకుంది. మెత్తటి చెక్క మీద గీసిన గాటుకేసి చూసి, గభాలున చూపు తిప్పేసుకుంది.

క్లినిక్ డాక్టర్ మిర్యమ్ శవాన్ని పరీక్షించింది. చిన్నపిల్ల. కాలేజీ నుంచి వచ్చి ఏడాది కాలేదు.

"ఎన్నింటికి పోయుండొచ్చు?" రుతీలా అడిగింది.

"తెల్లవారుజాము నాలుగుకీ అయిదుకీ మధ్య."

"దేనివల్ల?"

"గుండెపోటు కావచ్చు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. కాని వాంతి చేసుకున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. పోస్ట్‌మార్టమ్ అయితే గాని చెప్పలేను."

పోస్ట్‌మార్టమ్‌కి శవం నగరానికి వెళ్ళాలి. హైవే మీద టీచర్లు బస్సులు అడ్డంపెట్టి ధర్నా చేస్తున్నారు. రాష్ట్ర పోలీసుల జీపు అక్కడే ఆగిపోయింది. బుధవారం సాయంత్రానికి వస్తాం, అంతదాకా ఎవర్నీ ఊరు దాటనివ్వద్దని ఫోన్‌లో చెప్పారు. చెప్పడం తేలికే.

వంటింట్లో అన్సెల్మా కూర్చుని ఉంది. ఫిలొగోనియో కోడలు. భర్త పోయి పదేళ్ళు. మామగారిని కనిపెట్టుకుని, ఆయన బొమ్మలకి రంగులేస్తూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. రుతీలాకి ఆమె కొమాద్రే. ఆమె కూతురికి రుతీలా జ్ఞానస్నానపు తల్లి. ఆ ఊళ్ళో ఆ వరస అక్కచెల్లెళ్ళ వరసకన్నా గట్టిది.

"ఆ బొమ్మ ఎప్పుడొచ్చింది కొమాద్రే?"

"నిన్న సాయంత్రం అయిదింటికి. వీధి తలుపుకి వేలాడుతోంది."

"ఎవరు కట్టారు?"

"చూళ్ళేదు. వాన."

"మామగారేమన్నారు?"

"నవ్వారు. 'నా గుడ్లగూబకి ఎవడో గొంతు కోశాడే' అన్నారు. గాయానికి కట్టు కట్టారు. గాలి తగలకూడదని కిటికీ సందులు మూయించారు." అన్సెల్మా ముఖం చేతుల్లో దాచుకుంది. "నేనే మూశాను రుతీలా. ఈ చేతుల్తో నేనే మూశాను."

ఆమె చేసింది ఊళ్ళో ఎవరైనా చేసేదే. శాన్ హసింతోలో ప్రతి మనిషికీ తోడుగా ఒక జంతువు పుడుతుంది. దాన్ని తోన అంటారు. దానికి దెబ్బ తగిలితే మనిషికి తగిలినట్టే. గాయపడ్డ తోన బొమ్మ గుమ్మంలోకొస్తే పారెయ్యకూడదు, కాల్చకూడదు. గాలి తగలకుండా తలుపులు మూసి మూడు రోజులు పక్కన పెట్టుకుని కాపాడుకోవాలి. చదువుకున్నవాళ్ళు ఇది విని నవ్వుతారు. వాళ్ళ గుమ్మంలోకొస్తే వాళ్ళూ తలుపులు మూస్తారు.

ఉదయం పదీ పావు. వర్క్‌షాపు.

రుతీలాకి ఆ షెడ్డు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ రోజు మాత్రం గుమ్మం దాటడానికి కాలు రాలేదు. అరల నిండా ఫిలొగోనియో బొమ్మలు. వీపు మీద నాగజెముడు మొలిచిన చిరుతపులి. పొలుసులకి బదులు మొక్కజొన్న గింజలున్న చేప. నోట్లోంచి తీగ పాకుతున్న కుందేలు. సగం జంతువు, సగం చెట్టు. పిల్లలు చూసి కేరింతలు కొట్టే బొమ్మలే. ఆ వాన వెలుతురులో అన్నీ తన వైపే చూస్తున్నట్టనిపించింది.

మూల పీట మీద ఫిలొగోనియో మేనల్లుడు లెయొబార్దో. ముప్ఫయ్యేళ్ళవాడు. కత్తి చేతిలో ఉంది కాని చెక్కడం లేదు.

గోడ దగ్గర విల్‌ఫ్రీదో. నగరం మనిషి, ఆరేళ్ళ క్రితం వచ్చి ఈ ఊళ్ళో గ్యాలరీ పెట్టాడు. ఫిలొగోనియో బొమ్మల్ని పెట్టెలకెత్తి విదేశాలకి పంపేది ఇతనే. నల్ల చొక్కా, నలగని ప్యాంటు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పెద్దాయన లేకపోతే నేనెక్కడ, ఈ ఊరెక్కడ," అన్నాడు అతను. "ఎవడో చేతబడి చేశాడు. నేను నమ్మేవాణ్ణి కాదు, సిందికా. ఇప్పుడు నాకే భయంగా ఉంది."

రుతీలా సంచిలోంచి గుడ్లగూబని తీసింది. "ఇది ఎవరి చెక్కుడు?"

లెయొబార్దో ఒక్కసారే చూశాడు.

"నాదే అత్తా."

రుతీలా వెనకే వచ్చిన అన్సెల్మా, తావ్‌రీనో ముందుకు జరిగి చూశారు.

"ఎప్పుడు చెక్కావు?"

"ఏప్రిల్లో. కొపాల్ చెట్టు కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు చెక్కాలి. ఎండితే కత్తి దిగదు. ఆ నెల ఓ ఇరవై బొమ్మలు చెక్కి రంగు వెయ్యకుండా ఈ అరల్లో పెట్టా. తెల్ల బొమ్మలు. ఎవరైనా తీసుకోవచ్చు, తాళం కూడా ఉండదు."

"రంగు ఎవరిది?"

అన్సెల్మా తల అడ్డంగా ఊపింది. "నాది కాదు. నా చుక్క ఇంత లావుండదు."

"పోయిన వారం మామతో కేకలేసుకున్నావట?"

"వేసుకున్నా."

"ఎందుకు?"

లెయొబార్దో అన్సెల్మా వైపు చూశాడు. అన్సెల్మా నేల వైపు చూసింది.

"అది మా ఇంటి మాట," అన్నాడు.

"చెప్పరా దద్దమ్మా," అన్నాడు తావ్‌రీనో. "చెప్పకపోతే ఊరంతా కలిసి నీ మెడకి చుడతారు. కప్పమ్మా, నువ్వైనా చెప్పు."

విల్‌ఫ్రీదో ముఖం చిట్లించాడు. "ఇంట్లో శవం పెట్టుకుని ఉంది. ఇప్పుడు కూడా ఆవిణ్ణి కప్ప అనాలా? ఆరేళ్ళుగా చూస్తున్నా, ఒక్కరూ పేరు పెట్టి పిలవరు. మర్యాదేనా?"

"అలవాటండీ," అన్నాడు తావ్‌రీనో సిగ్గుపడి.

ఇంటి మాట ఇంట్లోనే ఉండిపోయింది. పన్నెండింటికల్లా ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. బొమ్మ లెయొబార్దోది, గొడవ లెయొబార్దోది, ఇంకేం కావాలి?

ఆ రాత్రి శవజాగారానికి రుతీలా అన్సెల్మా ఇంట్లోనే ఉండిపోయింది.

బుధవారం. ఉదయం ఏడూ పది.

అన్సెల్మా వీధి తలుపు తీసి కెవ్వున అరిచింది.

తలుపుకి జింక వేలాడుతోంది. చెయ్యెడు పొడుగు. కొమ్ములుండాల్సిన చోట రెండు తీగలు, తీగల చివర విచ్చుకున్న గుమ్మడిపూలు. తోకకి బదులు చిన్న కాయ. చూడముచ్చటగా ఉంది. గొంతు మీద ఎర్ర గాటు.

అన్సెల్మా దాన్ని కిందికి దించింది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ముఖంలో భయం పోలేదు, ఇంకొకరి మీదికి మళ్ళింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"రుతీలా," అంది. "ఇది నీది."

రుతీలాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ పుట్టిన రాత్రి గుమ్మం ముందు బూడిద చల్లారు. తెల్లారి చూస్తే బూడిదలో జింక డెక్కల గుర్తులు. ఆ సంగతి వాళ్ళమ్మ వెయ్యిసార్లు చెప్పింది. వాడకట్టులో అందరికీ తెలుసు. రాత్రి రుతీలా ఈ ఇంట్లో ఉండిపోయిందనీ అందరికీ తెలుసు.

"ఎవడో నిన్ను కేసు వదిలెయ్యమంటున్నాడు," అన్నాడు జాగారానికి వచ్చిన తావ్‌రీనో. ఈసారి అతనూ నవ్వలేదు.

అన్సెల్మా తన శాలువా తీసి జింకకి చుట్టింది, పసిబిడ్డకి చుట్టినట్టు. మెడ కనిపించకుండా కప్పింది. "గాలి తగలనివ్వకు. మూడు రోజులు పక్కన పెట్టుకో. తలుపులు మూసుకో. నామీద ఒట్టు."

రుతీలా రెండు చేతుల్తో అందుకుంది. దాన్ని గుండెకి హత్తుకుని పంచాయతీ ఆఫీసు దాకా నడిచింది. దారిలో ఒక్కరూ పలకరించలేదు. చూసి తప్పుకున్నారు.

ఎనిమిదిన్నరకి ఊళ్ళో జనం లెయొబార్దోని జబ్బలు పట్టుకుని లాక్కొచ్చారు. ఎవరో పెట్రోలు డబ్బా కూడా తెచ్చారు. రుతీలా అడ్డం నిలబడింది. గొంతు కీచుగా వచ్చింది కాని వచ్చింది. "చావు నా గుమ్మంలోకి వచ్చింది, మీ గుమ్మంలోకి కాదు. నేను చస్తే అప్పుడు తగలెట్టండి. అంతదాకా వీడు నా లాకప్పులో ఉంటాడు."

లాకప్ గది వరండాలో ఉంది. ఊచల్లోంచి లెయొబార్దో జింకని చూశాడు.

"ఇదీ నాదే. ఏప్రిల్ది. కొమ్మలో ముందే ఉంది అత్తా, నేను బయటికి తీశానంతే. ఎవరి కోసమూ చెక్కలేదు."

"నాకెవడు పంపాడ్రా?"

"నాకేం తెలుసు? నిన్ను చంపి ఎవడికేం ఒరుగుతుంది? మిల్లు మూతపడితే ఊరంతా పస్తు."

ఆ మాటకి అప్పుడు ఎవరూ విలువివ్వలేదు. రుతీలా కూడా.

పదకొండింటికి వాన పెద్దదయింది. ఆవిడ ఆఫీసు గది తలుపు వేసుకుంది. కిటికీ వేసుకుంది. జింకని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. స్టేట్‌మెంట్లు ముందేసుకుంది కాని అక్షరాలు నిలవలేదు.

కర్... కర్... కర్...

జింక లోపలినుంచి చప్పుడు.

కొపాల్ కర్రలో పురుగు ఉంటుంది. అది కొరుకుతుంది. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకీ ఆ చప్పుడు తెలుసు. రుతీలాకీ తెలుసు. అయినా ముచ్చెమటలు పోశాయి. అది తన లోపలే ఏదో కొరుకుతున్నట్టుంది. తను పోతే మిల్లు ఎవరు చూస్తారు? పై ఊళ్ళో చదివే కూతురికి కబురు ఎవరు చెబుతారు? యాభై రెండేళ్ళు. తోన గొంతు తెగితే ఎన్ని గంటలు పడుతుంది? ఫిలొగోనియోకి పన్నెండు పట్టింది.

పన్నెండూ నలభైకి తలపోటు మొదలైంది. ఒంటిగంటకి ఛాతీ బిగిసింది. నాలుక ఎండిపోయింది.

ఒంటిగంటా పదికి చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికి ఆవిడ ఇంకా హడలిపోయింది. లేవబోయింది. కాళ్ళు రాలేదు. గదిలో వెల్లుల్లి వాసన. ఆఫీసులో వెల్లుల్లి దండ ఎక్కడిది?

ఒంటిగంటా ఇరవైకి తావ్‌రీనో బీన్స్ గిన్నె, రొట్టెల మూటతో తలుపు తోశాడు. సిందికా బల్ల కింద పడి ఉంది. గిన్నె వదిలేశాడు. రెండు చంకల కింద చేతులు వేసి వరండాలోకి, వరండాలోంచి వానలోకి ఈడ్చుకుపోయాడు.

రెండూ ఇరవై. క్లినిక్.

రుతీలా రెండుసార్లు వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది.

"బతికావు," అన్నాడు తావ్‌రీనో. కళ్ళు తుడుచుకున్నాడు. "బీన్స్ గిన్నె మాత్రం పోయింది."

"బిళ్ల," అంది రుతీలా.

"ఏ బిళ్ల?"

"మొక్కజొన్న గాదెలో వేసే బిళ్ల! పురుగు చావడానికి వేస్తారే! తొందరపడి గాదె తెరిచి గింజలు మిల్లుకి తెస్తారు, మూట విప్పగానే ఆ వాసన. గదిలో వచ్చింది వెల్లుల్లి వాసన కాదు, ఆ బిళ్ల వాసన! ఇరవై ఏళ్ళుగా వాసన పట్టి తిప్పి పంపేస్తున్నాను. భయంతో నా ముక్కు కూడా పనిచెయ్యలేదు."

డాక్టర్ మిర్యమ్ ముఖం పాలిపోయింది. "దానికి తేమ తగిలితే విషవాయువు వస్తుంది. మూసిన గదిలో అయితే... పెద్దాయన పెదాలు..."

"తావ్‌రీనో! ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. జింకని ఆరుబయట పెట్టి పొట్ట కింద చూడు."

అతను ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చాడు. "పొట్టలో గుండ్రటి బెజ్జం. చెక్క బిరడా కొట్టి రంగు పూశారు. లోపల కాగితం, బూడిద పొడి. గుడ్లగూబకీ అంతే. బెజ్జం గీసినట్టు నున్నగా ఉంది, కత్తితో తొలిచింది కాదు. మన పురుగు పాపం బెజ్జంలోనే చచ్చి ఉంది."

రుతీలా కళ్ళు మూసుకుంది. చేతబడి కాదు. మనిషి పని. ఆ సంగతికి ధైర్యం రావాలి. రాలేదు. ఒక మనిషి కూర్చుని, బిళ్లలు లెక్కపెట్టి, తన కోసం బిరడా కొట్టాడు.

తన కోసమేనా?

డాక్టరు కేసు షీటు ముందేసుకుంది. "పుట్టిన తేదీ చెప్పండి. ఆగస్టు తొమ్మిదా? అయితే మీది కుందేలు కదూ?" భయపడ్డ మనిషిని నవ్వించాలని చూసిందా పిల్ల.

"కుందేలేమిటి?"

"మీ తోన. విల్‌ఫ్రీదో గారి గ్యాలరీలో చార్టు ఉందిగా. పుట్టిన తేదీ చెబితే జంతువు చెబుతారు. నాది తుమ్మెదపిట్ట అన్నారు. బొమ్మతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో కూడా చెక్కినవాళ్ళ తేదీ, జంతువు ఇంగ్లీషులో వేస్తారు."

రుతీలా ఆక్సిజన్ గొట్టం పీకేసి లేచి కూర్చుంది.

"మా కొమాద్రే ఫైలు ఇక్కడ ఉందా? ఆమె ఓటరు కార్డు జిరాక్సు?"

ఉంది. రుతీలా తేదీ చదివింది. డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు విని ఫైలు మూసేసింది.

"అందర్నీ నాలుగున్నరకి హాల్లోకి పిలువు తావ్‌రీనో. నేను చావుబతుకుల్లో ఉన్నానని చెప్పు. ఎలా అయ్యిందో చెప్పకు."

నాలుగున్నర. పంచాయతీ హాలు.

బల్ల మీద శాలువా, శాలువాలో జింక. ఒక పక్క అన్సెల్మా, పక్కన సంకెళ్ళతో లెయొబార్దో. ఎదురుగా విల్‌ఫ్రీదో. డాక్టర్ కిటికీ దగ్గర నిలబడింది. రుతీలా తావ్‌రీనో భుజం ఆసరాతో వచ్చి కూర్చుంది. నటించక్కర్లేదు, ఒళ్ళు నిజంగానే వణుకుతోంది.

"తావ్‌రీనో, తలుపులు ముయ్యి. నా తోనకి గాలి తగులుతోంది."

తలుపులు మూశాడు. కిటికీలు మూశాడు.

"మాట్లాడుకుందాం. ఒక గంట పడుతుంది."

అన్సెల్మా కదల్లేదు. లెయొబార్దో కదల్లేదు. విల్‌ఫ్రీదో రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఉక్కగా ఉంది. ఒక తలుపు తెరిస్తే..."

"జబ్బు మనిషిని. గాలి పడదు."

రెండు నిమిషాలు గడిచాయి. అతను కుర్చీ వెనక్కి జరిపాడు. ఇంకో నిమిషానికి లేచాడు. "ఒక ఫోన్ చేసుకుని వస్తాను."

"కూర్చోండి. ఒకే ఒక్క ప్రశ్న. అందరికీ అదే." ఆవిడ శాలువా తొలగించింది. "ఈ జింక ఎవరిది?"

"నీదే అత్తా," అన్నాడు లెయొబార్దో.

"నీదేగా కొమాద్రే," అంది అన్సెల్మా ఏడుస్తూ.

"నీదే," అన్నాడు తావ్‌రీనో.

విల్‌ఫ్రీదోకి తలుపు మీదే ధ్యాస. "అదేంటి, అన్సెల్మాది కదా? జింక అన్సెల్మాది. ఇక నన్ను వెళ్ళనివ్వండి."

అన్సెల్మా ఏడుపు ఆపేసింది. అందరూ అతని వైపు తిరిగారు. తను ఏం అన్నాడో అతనికి ఇంకా తెలియలేదు.

"ఆమెది కప్ప," అన్నాడు లెయొబార్దో మెల్లగా. "ఆమె పుట్టిన రాత్రి బూడిదలో కప్ప గెంతిన గుర్తులు పడ్డాయి. పుట్టినప్పట్నుంచీ ఊరంతా కప్ప అనే పిలుస్తుంది."

"మీరు వెక్కిరింపు అనుకున్నారు," అంది రుతీలా. "నిన్న తావ్‌రీనోని తిట్టారు కూడా. మీ దగ్గరున్నది ఓటరు కార్డు తేదీ. ఆ తేదీన ఆమె పుట్టలేదండీ. వాళ్ళ నాన్న పశువుల సంతకి వెళ్ళినరోజు, ఇద్దరు పిల్లల పేర్లూ ఒకేసారి రాయించేశాడు. ఈ ఊళ్ళో సగం మంది తేదీలు అంతే. ఆ తేదీని చార్టులో చూస్తే జింక వస్తుంది. డాక్టర్‌ని అడిగాను. ఈ ఊళ్ళో ఎవరైనా అన్సెల్మాని చంపాలనుకుంటే కప్పని పంపేవాళ్ళు. నన్ను చంపాలని ఎవరూ అనుకోలేదు. జింక వచ్చింది ఆమె కోసమే. తన తోన అనుకుని పక్కలో పెట్టుకుని తలుపులు మూసుకుంటుందని లెక్క వేశారు. ఆమె నాది అనుకుని నాకిచ్చింది."

అన్సెల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనే తెచ్చానా? శాలువా చుట్టి నేనే..."

"ప్రేమతో తెచ్చావు. తప్పు నీది కాదు."

విల్‌ఫ్రీదో తెల్లబోయి, అంతలోనే తేరుకున్నాడు. "చార్టు అందరూ చూసేదే. దాన్ని బట్టి హంతకుణ్ణంటారా?"

"బెజ్జం డ్రిల్లుతో చేసింది. ఇక్కడ చెక్కేవాళ్ళకి కత్తులే గాని డ్రిల్లు లేదు. ఉన్నది మీ ప్యాకింగ్ గదిలో. పెట్టెల్లో పురుగు పట్టకుండా ఆ బిళ్లలు వేసేదీ మీరే. బొమ్మ లోపల బిళ్ల ఉందని ఎవరికీ చెప్పలేదు నేను. తలుపులు ముయ్యగానే ముక్కు మూసుకున్నది మీరొక్కరే. భయపడకండి, దాని పొట్ట ఇప్పుడు ఖాళీ."

"నాకేం లాభం?" అతను అరిచాడు. "ఆ ముసలాయన చేతులే నా బతుకు! ఆయన్ని నేనెందుకు చంపుతాను?"

రుతీలా ఆ ఇంటి మాట దాచుకున్న ఇద్దరి వైపు తిరిగింది.

అన్సెల్మా లేచి నిలబడింది.

"మామగారి చేతులు ఎనిమిదేళ్ళుగా వణుకుతున్నాయి. చెంచా కూడా పట్టలేరు. చెక్కింది లెయొబార్దో. రంగు వేసింది నేను. ఆదివారం సంతలో నలుగురి ముందూ ఆ సంగతి చెబుతానన్నారు. వద్దు, నీ పరువు పోతుందని లెయొబార్దో కేకలేశాడు. గొడవ అదే. ఆయన వినలేదు. విల్‌ఫ్రీదో గారికి కూడా చెప్పేశారు. అది బయటపడితే మామగారి పేరుతో ఈయన అమ్మిన బొమ్మలన్నీ నకిలీవైపోతాయి. అయినా మామగారు చెప్పి తీరతానన్నారు."

"అబద్ధం!" అన్నాడు విల్‌ఫ్రీదో. "ప్రతి బొమ్మ కిందా ఆయన సంతకం ఉంది!"

"తావ్‌రీనో, ఆమె చెప్పింది రాశావా? కాగితం ఇలా ఇవ్వు. కొమాద్రే, ఇక్కడ సంతకం పెట్టు."

అన్సెల్మా పెన్ను పట్టుకుంది. వంగింది. చెయ్యి ఆలోచించకుండా కదిలింది. పెద్ద అక్షరం, వెనక్కి మెలి తిరిగిన తోక, కింద రెండు చుక్కలు.

అందరూ ముందుకు వంగి చూశారు.

ఫిలొగోనియో.

ఊళ్ళో ప్రతి బొమ్మ కడుపు కిందా ఉండే సంతకం. ఆయన నిన్న తెల్లవారుజామునే పోయాడు. ఆ సంతకం మాత్రం తడి ఆరని సిరాతో కాగితం మీద ఉంది.

విల్‌ఫ్రీదో కూలబడ్డాడు.

తావ్‌రీనో లెయొబార్దో సంకెళ్ళు విప్పి విల్‌ఫ్రీదోకి వేశాడు.

సాయంత్రం ఆరూ అయిదుకి జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఒళ్ళంతా బురద. స్టేట్‌మెంట్ మొత్తం చదివాడు, చివర ఆగిపోయాడు.

"ఇది పోయినాయన పేరు కదా? ఇది చెల్లదు. ఈమె పేరేమిటి?"

అన్సెల్మా రుతీలా చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి. బతికినందుకు సంతోషం ఇంకా రాలేదు రుతీలాకి. ఒకటే తెలుస్తోంది, ఆ మనిషి ఆపెయ్యాలనుకున్నది ఈ చేతినే.

"వాడికి కావలసింది నువ్వు నోరెత్తకపోవడం," అంది ఆవిడ. "నీ పేరు రాయి."

"బొమ్మల మీద ఆడవాళ్ళం పేరు పెట్టం కదా."

"ఇది బొమ్మ కాదు. రాయి."

అన్సెల్మా పెన్ను తీసుకుంది. మొదటి అక్షరం వంకరగా వచ్చింది. రెండోదానికి ఆగి, రుతీలా ముఖంలోకి చూసి, మళ్ళీ వంగింది. బడికి కొత్తగా వెళ్ళే పిల్లలాగా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

"నాలుగు పేజీలమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ప్రతి పేజీ కిందా పెట్టాలి."

ఆమె పెట్టింది. నాలుగో పేజీ మీద ఒక్క అక్షరమూ వంకర పోలేదు.